హీలీ పాస్ మూడో మలుపు

కింద పడ్డాక కృష్ణప్రసాద్ కంట మొదట పడింది బండి కాదు, వాలిపోయిన తన మణికట్టూ కాదు. కొండల్ రావు వేలు.

రోడ్డు పక్క తడిగడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు కృష్ణప్రసాద్. హెల్మెట్ అద్దం నిండా బురద. ఆ బురద సందులోంచి చూస్తుంటే, అందరికంటే చివర వస్తున్న కొండల్ రావు బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. ముందు అతని దగ్గరికే వచ్చి, "కాళ్ళు కదుపన్నా" అన్నాడు. కాళ్ళు కదిలాయి. అప్పుడు లేచి బండి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గ్లవ్ తీసి, ముందు చక్రానికుండే బ్రేకు డిస్కు మీద చూపుడువేలితో ఒక గీత గీశాడు. మాస్కు కిందికి లాగి ఆ వేలు వాసన చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

తర్వాత తల తిప్పి కృష్ణప్రసాద్ వైపు చూశాడు. చూసి, వేలిని గడ్డికేసి తుడిచేశాడు.

ముందు పోయి వెనక్కి తిరిగొచ్చిన గిరీష్ కూడా అది గమనించాడు. ఆ రైడర్ల గుంపుకు పెద్ద అతనే. దారి గీసేదీ, వాట్సాప్ గ్రూపు నడిపేదీ అతనే. ఏం చూస్తున్నావని అడిగాడు.

"ఏం లేదు" అన్నాడు కొండల్ రావు.

ఏమీ లేకపోతే వాసన చూడటం దేనికి? మణికట్టులో నొప్పి మొదలవకముందే కృష్ణప్రసాద్ బుర్రలో ఆ ప్రశ్న మొదలైంది.

ఆ ఉదయం ఎనిమిదింటికి ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్ నుంచి ఐదు బండ్లు బయలుదేరాయి. 2021 ఆగస్టు. లాక్‌డౌన్ సడలించి, సొంత కౌంటీ, అంటే జిల్లా, దాటి తిరగొచ్చని మే నెలలో వదిలినప్పటి నుంచీ రెండు వారాలకొక శనివారం ఎటో ఒకవైపు పోతూనే ఉన్నారు. ఈసారి హీలీ పాస్ అనే కనుమ ఎక్కి, కొండ దిగి, పక్క కౌంటీ కెర్రీ వైపు ఒక రైతు పొలంలో టెంట్లు వేయాలని అనుకున్నారు. ప్రతి బండి వెనకా చుట్టచుట్టిన టెంటు, పరుపు, చిన్న గ్యాస్ స్టవ్. ముందు గిరీష్, చివర టూల్స్ సంచితో కొండల్ రావు. చివరి మనిషి ఎవరినీ దాటడు. ఎవరి బండి మొరాయించినా వెనక అతను వస్తున్నాడన్న ధైర్యంతోనే మిగతావాళ్ళు ముందుకు పోతారు.

బిషప్స్‌టౌన్‌లో మొదటి సిగ్నల్ దగ్గరే కృష్ణప్రసాద్ బండి గీత దాటి రెండడుగులు ముందుకెళ్ళి ఆగింది. ముందు బ్రేకు పట్టు తక్కువగా ఉంది. అతను భయపడలేదు. బుధవారం నాడు కొత్త బ్రేకు ప్యాడ్లు వేస్తూ కొండల్ రావు చెప్పిన మాట గుర్తొచ్చింది. "కొత్తవి గదన్నా, డిస్కు మీద కూర్చోవాలె. మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు పట్టు తక్కువుంటది. గాబరా పడకు. మెల్లగ పట్టి విడువు."

ఆ మాట నమ్మి నూటపాతిక కిలోమీటర్లు వెనక బ్రేకుతోనూ గేర్లతోనూ నెట్టుకొచ్చాడు.

గ్లెన్‌గారిఫ్‌లో ఆగి స్టవ్ మీద కాఫీ కాచారు. కృష్ణప్రసాద్‌కు జనవరిలో కోవిడ్ వచ్చి పోయింది గానీ, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. అతనికి కాఫీ అంటే వేడినీళ్ళే. ఆ వేడినీళ్ళు తాగుతుండగా కొండల్ రావు పక్కకొచ్చి మెల్లగా గుర్తుచేశాడు. మంగళవారం డెక్లన్ ఫోన్ చేస్తాడట. మిడిల్టన్‌లో డెక్లన్‌కు బైకుల వర్క్‌షాపు ఉంది. ఆ పై సోమవారం నుంచి కొండల్ రావును ట్రయల్‌కు తీసుకుంటానన్నాడు, కాకపోతే అతని చేత బండి బాగుచేయించుకున్న మనిషి ఒకరు మాట చెప్పాలి. ఆ మాట చెబుతానని కృష్ణప్రసాద్ ఒప్పుకున్నాడు. కరీంనగర్‌లో ఒక షోరూమ్ సర్వీసు మొత్తం చూసుకున్నవాడు కొండల్ రావు. భార్య ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, హోటల్ వంటింట్లో గిన్నెలు తోముతుంటే లాక్‌డౌన్‌లో ఆ హోటలూ మూతపడింది. ఏడాదిన్నరగా పెరటి షెడ్డులో తెలిసినవాళ్ళ బండ్లు చూస్తున్నాడు.

"నీ మాట మీదనే ఉన్నదన్నా" అన్నాడు.

పాస్ పైకెక్కి అందరూ ఫోటోలు తీసుకుంటుంటే గిరీష్ ముక్కు ఎగబీల్చి, ఉల్లి బజ్జీలు ఎవరు తెచ్చారో దాచకుండా బయటపెట్టమన్నాడు. అందరూ నవ్వారు. ఏ వాసనా తెలియకపోయినా కృష్ణప్రసాద్ కూడా నవ్వాడు. కొండల్ రావు అప్పటికింకా పైకి రాలేదు. అతని హెడ్‌లైటు కింద మలుపులో కనబడగానే గిరీష్ బండి ఎక్కాడు. మిగతావాళ్ళు వెంట దిగారు.

మొదటి మలుపు గేరు తగ్గించి దాటాడు కృష్ణప్రసాద్. రెండో మలుపులో వెనక చక్రం జారింది. మూడోది జడపిన్నులా వెనక్కి తిరుగుతుంది. ముందు బ్రేకు లివర్ పూర్తిగా నొక్కాడు. లివర్ గట్టిగానే ఉంది. బండి మాత్రం ఆగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేడమీద గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి మోచేతిదాకా కట్టు. కొండ కింద ఉండే ఒక పెద్దావిడ అద్దాలన్నీ దించి, తన కారులో బాంట్రీ ఆసుపత్రికి చేర్చింది. మణికట్టు ఎముక విరిగింది, ఆరు వారాలన్నారు. భార్య నీలిమ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళింది. కింద తల్లి సత్యవాణి సామాను సర్దుకుంటోంది. ఆరు నెలలకని వచ్చిన మనిషి పద్దెనిమిది నెలలు ఇరుక్కుపోయింది. ఊరెళ్ళే విమానానికి వచ్చే ఆదివారం టికెట్ దొరికింది.

గేటు ముందు వ్యాన్ ఆగింది. కొండల్ రావు. ఎవరిదో వ్యాన్ అడిగి తీసుకెళ్ళి కొండ దగ్గర వదిలిన బండిని తెచ్చాడు. దాన్ని అలాగే తన షెడ్డుకు తీసుకెళ్ళిపోతాడని గిరీష్ ముందే చెప్పాడు. టెంటు, సంచి దించి పక్క గేటులోంచి పెరట్లోకి వచ్చాడు. సత్యవాణి బయటికెళ్ళింది. కిటికీ తెరలోంచి కృష్ణప్రసాద్ చూస్తున్నాడు.

టెంటు గోడకు ఆనించి, వెంటనే వెళ్ళలేదు కొండల్ రావు. వంటింటి తలుపు దగ్గర రెండు గజాల దూరంలో నిలబడి ఏదో అడిగాడు. సత్యవాణి చేత్తో గాలిలో గుండ్రంగా తిప్పి ఏదో చూపించింది. అతను తలూపాడు. మేడ కిటికీ వైపు ఒక్కసారి చూసి, గొంతు తగ్గించి మళ్ళీ ఏదో చెప్పాడు. ఆవిడ నవ్వింది. వెళ్ళేటప్పుడు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

మెకానిక్‌కు మా అమ్మతో గుసగుసలేంటి? సిఫారసు చేయించుకుంటున్నాడా?

సత్యవాణి మజ్జిగ గ్లాసుతో మేడమీదికొచ్చింది. "ఏరా, ఆ కొండల్ రావు ఒక మాట చెప్పి వెళ్ళాడు—"

"అతని ఊసు నా దగ్గర ఎత్తకమ్మా" అన్నాడు కృష్ణప్రసాద్.

"అది కాదురా, చక్రం—"

"అమ్మా."

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి ముడుచుకుని దిగిపోయింది.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో గిరీష్ ఒక పేరా రాశాడు. పేరు పెట్టలేదు. ఆన్‌లైన్‌లో దొరికే డూప్లికేట్ ప్యాడ్ల గురించి, సర్టిఫికెట్ లేని చేతుల గురించి, ప్రాణాల గురించి. కింద తొమ్మిది బొటనవేళ్ళు పైకి లేచాయి.

సోమవారం గిరీష్ కారులో ఇద్దరూ కొండల్ రావు ఇంటికి వెళ్ళారు. షెడ్డులో బండి స్టాండు మీద ఉంది. వంగిన లివర్ తీసేసి ఉంది. ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. డిస్కు అద్దంలా మెరుస్తోంది. నిన్ననే ఎవరో మందేసి కడిగినట్టుంది.

కృష్ణప్రసాద్ చూసింది అదే. ఎందుకు కడిగాడు?

తన బండిలోంచి తీసిన ప్యాడ్లు చూపించమన్నాడు.

"పారేసిన" అన్నాడు కొండల్ రావు.

గిరీష్ బయటికెళ్ళి చెత్తడబ్బా మూత ఎత్తి చూసివచ్చాడు. ఆ వీధికి చెత్తబండి మంగళవారం వస్తుంది. డబ్బా నిండుగా ఉంది. ప్యాడ్లు వచ్చిన అట్టపెట్టె ఉంది. ప్యాడ్లు లేవు. గిరీష్ ఆ పెట్టె మీది నంబరును ఫోన్‌లో కంపెనీ సైటులో కొట్టాడు. అసలైనవే అని వచ్చింది. గిరీష్ ముఖం కొంచెం మాడింది గానీ వెంటనే తేరుకున్నాడు. సరుకు మంచిదైతే మరి చేసిన పనే చెడ్డదన్నమాట, అందుకే ప్యాడ్లు మాయం చేశాడని తేల్చాడు.

కొండల్ రావు గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకుంటున్నాడు. వేళ్ళు ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఐనా తుడుస్తూనే ఉన్నాడు.

"ప్యాడ్ల తప్పు గాదన్నా. ఫిట్టింగ్ తప్పు గాదు. నా చెయ్యి మీద ఒట్టు."

"మరి ఎవరి తప్పు?" అన్నాడు కృష్ణప్రసాద్.

కొండల్ రావు గుడ్డను తిప్పి పట్టుకున్నాడు.

"కొండ మీద ఆ వేలెందుకు వాసన చూశావ్?"

కొండల్ రావు తలెత్తి సూటిగా చూశాడు. "ఈ వారం ఒక్కటీ అడగకన్నా. ఆదివారం దాటినంక నేనే వచ్చి చెప్తా."

"ఆదివారం దాటాకే ఎందుకు?"

మళ్ళీ గుడ్డ. మళ్ళీ వేళ్ళు.

తిరుగుదారిలో గిరీష్ స్టీరింగ్ మీద తట్టి, ఇందులో అర్థం కానిదేముందన్నాడు. "సోమవారం ట్రయల్ కదా బాసూ. లోపలికెళ్ళి కూర్చున్నాక నిజం చెప్తాడంట. అప్పుడు మనం ఎవరికి చెప్పినా వేస్ట్."

లెక్క అతికినట్టు సరిపోయింది.

మంగళవారం పదకొండింటికి, ఆఫీసు మీటింగు మధ్యలో ఫోన్ మోగింది. మిడిల్టన్ నంబరు. కృష్ణప్రసాద్ మైకు ఆపి, లేచి తలుపు వేశాడు.

డెక్లన్ గొంతు పెద్దది, మాట తక్కువ. కొండల్ చేతులు చూశాననీ, చేతులు బాగున్నాయనీ, మనిషి సంగతి చెప్పమనీ అడిగాడు. పని నమ్మొచ్చా?

కృష్ణప్రసాద్ కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. తను చేయగల మంచి కూడా ఒకటుంది కదా అనుకున్నాడు. రేపు ఇంకొకరెవరో ఇతని చేత బ్రేకులు వేయించుకుని కొండ దిగకుండా చూడటం.

పోయిన బుధవారం తన బండికి ముందు ప్యాడ్లు వేశాడనీ, శనివారం ఆ బ్రేకు పట్టలేదనీ, చెయ్యి విరిగిందనీ చెప్పాడు. అడిగితే కారణం చెప్పడం లేదనీ, ప్యాడ్లు కనబడకుండా చేశాడనీ చెప్పాడు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

అటువైపు ఎక్కడో ఇంజను ఒకటి తిరిగి ఆగింది. రైట్, థాంక్స్, అంతే చాలని డెక్లన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి గిరీష్ కొండల్ రావును గ్రూపులోంచి తీసేశాడు. తీసేసినట్టు చిన్న అక్షరాల్లో ఒక వరుస వచ్చింది. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

బుధవారం కృష్ణప్రసాద్ స్కానుకు వెళ్ళి వచ్చేసరికి బండి పెరట్లో ఉంది. కొత్త లివర్, కొత్త ప్యాడ్లు, విరిగిన ఇండికేటర్ స్థానంలో కొత్తది. తాళం తలుపు సందులోంచి లోపలికి వేసి ఉంది. చీటీ లేదు. కాలింగ్ బెల్ కూడా కొట్టలేదని నీలిమ చెప్పింది. తప్పు చేసినవాడు అంతేలే అన్నాడు కృష్ణప్రసాద్. నీలిమ ఒప్పుకోలేదు. తప్పు చేసినవాడు ఇండికేటర్ కూడా మార్చి పెడతాడా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పైకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా వాన పడింది.

గురువారం పొద్దున అతను వంటింట్లోకి వచ్చేసరికి సత్యవాణి దోసెలు పోస్తోంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఇనప పెనం. సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నువ్వులనూనెలో ముంచి, పెనం మీద గుండ్రంగా తిప్పుతోంది. మధ్యలోంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు. పొగ లేచింది. ఇల్లంతా ఆ ఘుమఘుమ నిండి ఉండాలి. కృష్ణప్రసాద్‌కు ఆవిరి కనబడింది, అంతే.

"ఇప్పుడైనా చెప్పొచ్చా, లేకపోతే మళ్ళీ కసురుకుంటావా?" అంది సత్యవాణి, వెనక్కి తిరగకుండానే.

"ఏంటమ్మా?"

"నీ బండి చక్రం మళ్ళీ తుప్పు పట్టింది చూడు. ఒక్క వానకే ఎర్రగా అయిపోయింది. మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం రోజు ఎంత శుభ్రం చేశాను."

కృష్ణప్రసాద్ కుర్చీ లాగబోయినవాడు ఆగాడు. "ఏం శుభ్రం చేశావు?"

"అదేరా, చక్రం పక్కన పళ్ళెంలా ఉంటుంది చూడు, చిల్లులు చిల్లులుగా. ఇల్లంతా కడుక్కున్నాను, బండికీ బొట్టు పెడదామని వెళ్తే అది తుప్పు పట్టి ఉంది. పండగపూట అలా వదిలేస్తానా? ఇదిగో, ఈ ఉల్లిపాయతోనే రుద్దాను. రెండు వైపులా. పెనంలా నిగనిగలాడింది."

ఫోర్కు మళ్ళీ గుండ్రంగా తిరిగింది. ఆదివారం పెరట్లో, గాలిలో, ఆవిడ చెయ్యి తిరిగినట్టే.

"ఆ కొండల్ రావు ఆదివారం అడిగాడు, అమ్మా, బండికి మీరేమైనా పూజ చేశారా అని. చెప్పాను. బాగా చేశారు గానీ దానికి నూనె పెడితే దుమ్ము పడుతుందమ్మా, ఇక పెట్టకండి, ఈ దేశంలో దానికి వేరే మందుంది, నేను తెచ్చి కొడతాను అన్నాడు. తెచ్చాడో లేదో. నీకు చెబుదామంటే నువ్వు ఆ పేరే ఎత్తనివ్వవు."

ఉల్లి బజ్జీలు ఎవరు తెచ్చార్రా అన్న గిరీష్ మాట, అందరి నవ్వు, తన నవ్వు. గడ్డికేసి తుడుచుకున్న వేలు. ఆదివారం దాటాక చెప్తానన్న మాట. ఆ ఆదివారం ట్రయల్ ముందురోజు కాదు, అమ్మ విమానం ఎక్కే రోజు.

దోసె తిన్నాడు. పూర్తిగా తిన్నాడు. ఇంకొకటి వేయనా అంటే వేయించుకుని అదీ తిన్నాడు. తర్వాత చెప్పులేసుకుని బస్‌స్టాపుకు నడిచాడు.

షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. కొండల్ రావు ఒక పాత పెట్టె మీద కూర్చుని టెంటు కడ్డీలు సరిచేస్తున్నాడు. ఎవరిదో కడ్డీ విరిగితే లోపలి ఎలాస్టిక్ తాడు మార్చుతున్నాడు. కృష్ణప్రసాద్‌ను చూసి లేవలేదు. ఎదురుగా ఉన్న స్టూలు మాత్రం కాలితో ముందుకు జరిపాడు.

అమ్మ చెప్పిందన్నాడు కృష్ణప్రసాద్.

కొండల్ రావు చేతిలో తాడు ఆగింది. "ఎంత చెప్పింది? చెయ్యి విరిగింది దానివల్లనే అని ఎరుకైందా?"

తెలియదనీ, చక్రానికి మందు కొట్టావా లేదా అని అడుగుతోందనీ చెప్పాడు.

కొండల్ రావు ఊపిరి వదిలాడు. లేచి, పైనున్న అరలోంచి ఐస్‌క్రీం డబ్బా ఒకటి దించి మూత తీశాడు. రెండు ప్యాడ్లు. ముఖాలు నల్లగా, నూనె తాగి, ఇక డిస్కును పట్టలేనంత నున్నగా గాజులా మెరుస్తున్నాయి. కృష్ణప్రసాద్ ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఏమీ లేదు. గాలి.

"ఇంకా వస్తున్నదన్నా. మూత తీస్తే షెడ్డంత ఉల్లిగడ్డ వాసన" అన్నాడు కొండల్ రావు.

"కొండ మీదే చెప్పాల్సింది."

"ఎట్ల చెప్పాలె? నలుగురు చుట్టూ నిలవడ్డరు, నువ్వు గడ్డిల పడున్నవు. మీ అమ్మ నూనె రాసింది అంటనా? ఆ గిరీషన్న పొద్దూకకముందే గ్రూపుల పెడుతుండె. ఊరంత నవ్వుతుండె. ఆమెకు ఎరుకైతదా లేదా?" తాడు చివర ముడి వేసి పళ్ళతో బిగించాడు. "ఆదివారం ఫ్లైట్. కొడుకు చెయ్యి నేనే విరగ్గొట్టిన అనుకుంట విమానం ఎక్కుతదా? ఆమె పోయినంక చెప్దామనుకున్న. అప్పటిదాక నన్ను అనుకుంటె అనుకోని."

"ఉద్యోగం పోయింది నీకు."

"అది నువ్వు చేసినవు" అన్నాడు కొండల్ రావు. కోపంగా అనలేదు. కడ్డీ సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి విదిలించి చూసుకున్నాడు.

కృష్ణప్రసాద్ డబ్బా మూత వేసి చంకలో పెట్టుకున్నాడు.

మిడిల్టన్‌కు రైలులో ఇరవై ఐదు నిమిషాలు. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది మూడు రకాలుగా కూర్చుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెబితే అది డెక్లన్ దగ్గర ఆగదు. వర్క్‌షాపుకు వచ్చే సగం మంది గిరీష్ స్నేహితులే. ఆ కబురు ఆదివారంలోపు వంటింటిదాకా వస్తుంది.

డెక్లన్ అరవై దాటిన మనిషి. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది, అతన్ని చూసి పైకి లాక్కున్నాడు. కృష్ణప్రసాద్ డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. డెక్లన్ ఒక ప్యాడ్ తీసి వెలుతురులో తిప్పి చూశాడు. మాస్కు మళ్ళీ దించాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఉల్లిపాయా?"

"ఉల్లిపాయ, నువ్వులనూనె" అన్నాడు కృష్ణప్రసాద్. "డిస్కు తుప్పు పట్టిందని నేనే రుద్దాను. మా ఇంట్లో పెనానికి అలాగే రాస్తాం. కొండల్ రావు చేసిన పనిలో తప్పు లేదు. నేను మీకు చెప్పిందంతా తప్పు."

డెక్లన్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఎన్నేళ్ళుగా బండి నడుపుతున్నావని అడిగాడు. పద్దెనిమిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళు నడిపి బ్రేకుకు నూనె రాశావా? రాశాను. పక్క బండి కింద పనిచేస్తున్నవాడు బయటికి జరిగి తల ఎత్తి చూశాడు. కృష్ణప్రసాద్ చెవులు వేడెక్కాయి. తల మాత్రం వంచలేదు.

"ఆ మనిషికి ఇది తెలుసా?"

"మొదటి నిమిషం నుంచీ."

"తెలిసీ, నువ్వు నాతో అలా చెబుతుంటే ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు."

డెక్లన్ ప్యాడ్‌ను డబ్బాలో పెట్టి, మూత నొక్కి, చేతులు తుడుచుకున్నాడు. సోమవారం ట్రయల్‌కు కార్లో అనే ఊరి నుంచి వేరే కుర్రాణ్ణి పిలిచేశాననీ, మాట ఇచ్చాక వెనక్కి తీసుకోలేననీ చెప్పాడు. కృష్ణప్రసాద్ అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి డెక్లన్ గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, శనివారాలు తనకు చెయ్యి చాలదనీ, కొండల్‌ను ఈ శనివారం తొమ్మిదింటికి రమ్మనీ అన్నాడు. ముందు శనివారాలు. తర్వాత సంగతి తర్వాత.

"అతని స్పానర్లు అతన్నే తెచ్చుకోమను. నువ్వు మాత్రం నా బండ్ల దగ్గరికి రాకు" అన్నాడు.

తిరుగు రైలులో, ప్లాట్‌ఫాం మీద కొనుక్కున్న కాఫీ చల్లారిపోతుండగా, కృష్ణప్రసాద్ గ్రూపులో రాశాడు. బ్రేకు డిస్కుకు నూనె రాసింది తనేననీ, కొండల్ రావు పనిలో ఏ లోపమూ లేదనీ, అతన్ని అనుమానించి తను పెద్ద తప్పు చేశాననీ. పంపేముందు రెండుసార్లు చదివాడు. పంపాడు.

మొదటి జవాబు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆగలేదు. ఈసారి ట్యాంకులో నెయ్యి పోయమన్నారు. చెయిన్‌కు పోపు పెట్టావా అన్నారు. అతని ప్రొఫైల్ ఫోటో మీద దోసె అతికించి పెట్టారు. గిరీష్ చివరికి, ఆ రోజు పాస్ మీద బజ్జీల వాసన నిజంగానే వచ్చిందన్నమాట అని రాసి, కొండల్ రావును మళ్ళీ గ్రూపులో చేర్చాడు. కొండల్ రావు అందులో ఏమీ రాయలేదు. కృష్ణప్రసాద్‌కు విడిగా ఒక్క ముక్క పంపాడు: "నువ్వు రాసినవా అన్నా? సరే."

శనివారం సాయంత్రం సత్యవాణి హాల్లో పెట్టెల మధ్య కూర్చుని ఉంది. నీలిమ చేతి త్రాసుతో పెట్టె ఎత్తి, రెండు కేజీలు ఎక్కువైందంది. శుక్రవారం సాయంత్రం పరిచయస్థుల ఇళ్ళకు చెప్పిరావడానికి వెళ్ళి ఆలస్యంగా వచ్చింది సత్యవాణి. వచ్చినప్పటి నుంచీ మాటలు తగ్గాయి.

"గిరీష్ వాళ్ళావిడ చెప్పింది" అంది, చీర మడత పెడుతూ. "నువ్వు చక్రానికి నూనె రాసి పడ్డావటగా. ఒకటే నవ్వులు."

"అవునమ్మా."

"ఎప్పుడు రాశావు?"

"శుక్రవారం సాయంత్రం. ఇంకొంచెం మెరుస్తుందని."

సత్యవాణి చీరను రెండో మడత వేసింది. మూడోది వేసింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మొదటి నుంచి వేసింది. "నేను రాసింది చాలదని, దాని మీద మళ్ళీ రాశావన్నమాట. నీకు చిన్నప్పటి నుంచీ అంతే, చేసిన పని మీద మళ్ళీ చెయ్యి పెడతావు" అంది. గొంతులో తిట్టు ఉంది గానీ చూపు మాత్రం అతని కట్టు మీద ఉంది.

అతను కట్టు కట్టిన చెయ్యి వెనక్కి జరుపుకున్నాడు.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెట్టెలోకి వెళ్ళాల్సిన ఇనప పెనాన్ని పాత పంచెగుడ్డలో చుట్టి తెచ్చి, అతని కుడిచేతిలో పెట్టింది. బరువుగా ఉంది. ఇరవై ఏళ్ళ నూనె తాగిన పెనం. సొంత చెల్లెలు అడిగితేనే ఆవిడ ఇవ్వలేదు.

"పెట్టె బరువెక్కిందిగా. ఇది తీసుకెళ్ళలేను. ఆ కొండల్ రావుకివ్వు."

"అతనికి పెనమెందుకమ్మా?"

సత్యవాణి కిందికి వంగి పెట్టె జిప్పు లాగడం మొదలుపెట్టింది. ఒక మూల ఇరుక్కుంటే గుడ్డను వేలితో లోపలికి తోసి మళ్ళీ లాగింది.

"ఎందుకో అతనికి తెలుసు" అంది. "నువ్వేమీ చెప్పనక్కర్లేదు. ఇచ్చి రా."